గుర్రానికి మంచం లేదు

(విజయవాడ గవర్నరుపేటలో కొందరు పుస్తకాభిమానులు నెలనెలా జరుపుకునే ఆదివారం సమావేశంలో ఒక రిటైర్డ్ పశువైద్యుడు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది. చివర్లో అడిగిన ప్రశ్నల్లో కొన్నే ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా అండీ? ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తే నా గొంతుకి పని తగ్గుతుంది. సరే.

కార్యదర్శి గారు నన్ను పిలిచినప్పుడు, "గేదెల గురించి చెప్పండి డాక్టరు గారూ, జనం వస్తారు" అన్నారు. గేదెల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు గన్నవరం వెటర్నరీ కాలేజీలో ఉన్నారు. పిలిస్తే అరగంటలో వస్తారు. నేను సర్వీసులో సగానికి పైగా రేసు గుర్రాల దగ్గర గడిపినవాణ్ణి. విజయవాడలో రేసుకోర్సు లేదు, గుంటూరులోనూ లేదు. మనవాళ్ళకి రేసులంటే మలక్‌పేట, కాకపోతే మద్రాసు గిండీ. రాత్రి రైలెక్కి వెళ్ళి, తిరుగు టిక్కెట్టు డబ్బులు కూడా అక్కడే వదిలేసి వచ్చిన పెద్దమనుషులు ఈ ఊళ్ళో ఒకప్పుడు చాలామందే ఉండేవారు. (నవ్వులు) ఇప్పుడు చేతులెత్తక్కర్లేదు లెండి.

నేను గుర్రాల డాక్టర్నని తెలిసిన ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతారు. "కాలు విరిగితే కాల్చేస్తారట కదా, నిజమేనా?" అని. పెళ్ళిళ్ళలో, బస్సులో, ఆఖరికి నాకు కంటి ఆపరేషన్ చేస్తూ ఆ డాక్టరు గారు కూడా అడిగారు. ఇప్పుడు తుపాకీ చాలాచోట్ల పోయింది, సూదిమందే. మత్తుమందుని మోతాదు మించి నరంలోకి ఎక్కిస్తారు. కానీ అడిగేవాళ్ళకి కావాల్సింది ఆ వివరం కాదు. కాలు విరిగినంత మాత్రాన చంపెయ్యాలా అన్నది వాళ్ళ బాధ.

మాది తెనాలి పక్కన పల్లెటూరు. నాకు పదేళ్ళప్పుడు మా ఎద్దు ఒకటి కాలవ గట్టు మీద జారి ముందుకాలు విరగ్గొట్టుకుంది. పక్క ఊరి నుంచి కట్లు కట్టే పెద్దాయన వచ్చి వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఎద్దుని చావిట్లో గడ్డి పరిచి పడుకోబెట్టారు. మూణ్ణెల్లు అది పడుకునీ, లేచీ, నెమరేసుకుంటూ గడిపింది. కొంచెం కుంటుతోనైనా మళ్ళీ బండి లాగింది. అందుకే కాలేజీలో మా ప్రొఫెసరు గారు "గుర్రం కాలు విరిగితే బతకడం కష్టం" అన్నప్పుడు నేను లేచి నిలబడి, "మా ఎద్దు బతికింది సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "మీ ఎద్దు పడుకుంది. గుర్రం పడుకోదు" అన్నారు. నలభై ఏళ్ళ తర్వాత ఇవాళ మీకు నేను చెప్పబోయేది ఆ ఒక్క మాటే. మిగతాదంతా దానికి వ్యాఖ్యానం.

ముందు ఆ కాలేమిటో చూద్దాం. మీ కుడిచెయ్యి టేబుల్ మీద పెట్టండి. అందరూ పెట్టండి, ఏం పర్లేదు. బొటనవేలు, చూపుడువేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు లేవనుకోండి. మధ్యవేలు ఒక్కటే ఉంది. ఆ వేలి గోరు మీద నిలబడండి. అదీ గుర్రం. మనం గుర్రం ముందుకాలి మోకాలు అనుకునేది నిజానికి దాని మణికట్టు. వెనక కాలికి వెనక్కి వంగినట్టు కనపడే కీలు దాని చీలమండ. మన అరచేతిలో ఉండే ఎముక ఉంది చూశారూ, అది గుర్రానికి జానెడు పైగా పొడుగు సాగి కాలయింది. దాన్ని కానన్ బోన్ అంటారు, మా లాయాల్లో 'నలి' అనేవారు. దాని కింద ఫెట్‌లాక్ కీలు. ఆ కీలు వెనకాల సెసమాయిడ్లని రెండు చిన్న ఎముకలు, శనగ గింజల్లాంటివి అనుకోండి, సైజులో కాదు, ఆకారంలో. ఆ కింద పాస్టర్న్, ఆ కింద గిట్ట లోపల ఉండే ఎముక.

మణికట్టు కిందనుంచి గిట్టదాకా కండ అనేదే లేదు. ఎముక, తాళ్ళలాంటి స్నాయువులు, పైన చర్మం, అంతే. మన తొడ ఎముక విరిగితే చుట్టూ కండ ఉంటుంది, రక్తం ఉంటుంది, అతుక్కోడానికి సరుకు అందుతుంది. గుర్రం నలి విరిగితే దాని చుట్టూ ఏమీ లేదు. పైగా విరిగిన ముక్క పల్చటి చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తే మట్టీ పేడా లోపలికి పోతాయి. అప్పుడు ఎముక గోలకి తోడు చీము గోల.

ఎద్దుకి గిట్ట రెండు చీలికలు. బరువు రెండు వేళ్ళ మీద పంచుకుంటుంది. సంక్రాంతికి మన దగ్గర బండలాగుడు పోటీలు చూశారు కదా. ఒంగోలు ఎడ్లు ఎంత బండనైనా లాగుతాయి, కానీ నెమ్మదిగా, నేలని పట్టుకుని లాగుతాయి. రేసు గుర్రం పని వేరు. అయిదొందల కిలోల జంతువు గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. ఆ పరుగులో ప్రతి అంగకీ ఒక క్షణం ఉంటుంది, మొత్తం గుర్రం ఒకే ఒక్క ముందుకాలి మీద ఉంటుంది. ఆ క్షణంలో ఆ కాలి మీద పడే బలం గుర్రం బరువుకి రెండున్నర రెట్లు. అంటే పన్నెండొందల యాభై కిలోలు. మన లెక్కలో చెప్పాలంటే పదహారు పదిహేడు బస్తాల ధాన్యం, మన మణికట్టు కన్నా కాస్త లావుండే ఒక కాలి మీద. సెకనుకి రెండుసార్లకి పైగా. పదహారొందల మీటర్ల రేసులో రెండొందల యాభైసార్లు.

కాలు ఎందుకు విరుగుతుందని అడుగుతారు గానీ, ఇన్నేళ్ళూ దగ్గరుండి చూసినవాణ్ణి, రోజూ ఎందుకు విరగట్లేదన్నదే నాకు ఆశ్చర్యం.

విరగకపోవడానికి కారణం ఎముక ప్రాణమున్నది కాబట్టి. బరువు పడినచోట ఎముక తనని తాను గట్టి చేసుకుంటుంది. రోజూ కష్టపడేవాడి అరచెయ్యి కాయ కాసినట్టు. వేగంగా పరిగెత్తిన ప్రతిసారీ ఎముకలో కంటికి కనపడని బీటలు వస్తాయి. శరీరం ఆ పాత ఎముకని తవ్వి తీసేసి కొత్తది పోస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. తవ్వడం వారాల్లో అయిపోతుంది, పోయడానికి నెలలు పడుతుంది. రోడ్డు తవ్వేసి కాంట్రాక్టరు వెళ్ళిపోయాడనుకోండి, మనకి అలవాటే కదా. (నవ్వులు) ఆ గుంట ఉన్నన్నాళ్ళూ ఎముక పల్చన. సెలవు మీద వెళ్ళి తిరిగొచ్చిన గుర్రాన్ని వెంటనే వేగంగా తోలితే విరగడానికి ఇదొక కారణం.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో రేసు గుర్రం చనిపోతే శవపరీక్ష తప్పనిసరి. 1990 నుంచి చేస్తున్నారు. వాళ్ళు తేల్చిన సంగతి మా వృత్తి మొత్తాన్ని మార్చేసింది. ట్రాక్ మీద ఉన్నట్టుండి విరిగిందనుకున్న కాళ్ళలో చాలావాటిలో అదే చోట, లేదా ఎదురు కాలిలో అదే చోట, ముందునుంచే పాత దెబ్బ ఉంది. కాలు తప్పుగా పడింది, గుంటలో పడింది అనే మాటలు అన్నీ అబద్ధమని కాదు, కానీ చాలాసార్లు అది ఆఖరి మెట్టు మాత్రమే.

రెండేళ్ళ గుర్రప్పిల్లల్ని పరిగెత్తించడం పాపం కదా అని కొందరంటారు. నా అభిప్రాయం వేరు. ఎదిగే వయసులో కాస్త పరుగు పెడితేనే ఎముక గట్టిపడుతుంది. పాపమంతా తొందరలో ఉంది. మెట్లెక్కించకుండా మేడ ఎక్కమనడంలో ఉంది.

సరే, కాలు విరిగింది. ఇప్పుడు బతుకుతుందా లేదా? ఇక్కడ "బతకడం" అనే మాటని మూడు ముక్కలు చెయ్యాలి. మళ్ళీ రేసుకి వస్తుందా అన్నది ఒకటి. రేసు మానేసి పిల్లల్ని కంటూనో, పచ్చిక మేస్తూనో హాయిగా ఉంటుందా అన్నది ఇంకోటి. అసలు ప్రాణంతో లేచి నిలబడుతుందా అన్నది మూడోది. యజమాని మొదటిది అడుగుతాడు, మేం మూడోదానికి జవాబు చెబుతాం, మధ్యలో రెండోది ఎవరికీ గుర్తుండదు.

కొన్ని దెబ్బలు పేరుకి విరుగుళ్ళే గానీ భయం లేనివి. ముందుకాలి మోకాట్లో, అంటే ఆ మణికట్టులో, చిన్న పెంకు లేస్తుంది. కీలులోకి పెన్నులాంటి కెమెరా పెట్టి ఆ పెంకు తీసేస్తారు. మూడు నాలుగు నెలల్లో చాలా గుర్రాలు మళ్ళీ పరుగుకొస్తాయి. లేత గుర్రాలకి నలి ముందు భాగం వాచి నొప్పి చేస్తుంది, విశ్రాంతితో పోతుంది. వెనక కాలి టిబియా ఎముకలోనో, కటి ఎముకలోనో వెంట్రుకంత బీట వస్తే, పట్టుకోవడమే కష్టం. పట్టుకుంటే నాలుగైదు నెలలు లాయంలో నిలబెట్టి, నెమ్మదిగా నడిపిస్తే చాలు. అదే బీటని చూడకుండా వదిలేస్తే ఒక రోజు పూర్తిగా రెండు ముక్కలవుతుంది, ఇక అప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఒకే ఎముక, ఒకే బీట. తేడా అంతా కనిపెట్టిన రోజులో ఉంది.

నలి ఎముక అడుగున, ఫెట్‌లాక్ కీలులోకి దిగేచోట గుండ్రటి బొడిపెలు రెండుంటాయి. కాండైల్స్ అంటారు. రేసు గుర్రాల్లో తరచూ విరిగేది అదే. ముక్క కదలకుండా ఉంటే రెండు మూడు స్క్రూలు అడ్డంగా బిగించి రెండు ముక్కల్నీ నొక్కి పెడతారు. ఈ మధ్య కొన్నిచోట్ల గుర్రాన్ని పడుకోబెట్టకుండా, నిలబెట్టే, మత్తిచ్చి చేసేస్తున్నారు. ఇలాంటివాటిలో చాలావరకు మళ్ళీ రేసుకి వస్తాయి. ముక్క పక్కకి జరిగిందా, ఆశ తగ్గుతుంది. కీలు లోపలి నున్నటి గచ్చు పాడైందా, ఇంకా తగ్గుతుంది.

స్నాయువు సంగతి వేరే కథ, అది తెగితే ప్రాణం పోదు గానీ ప్రాణం తోడేస్తుంది. కాలి వెనకాల ఉండే పెద్ద స్నాయువు రబ్బరు తాడులా సాగి, తిరిగి లాగి, గుర్రాన్ని ముందుకి విసురుతుంది. పరుగులో అది తెగే హద్దు దాకా సాగుతుంది. వాడకంలో దాని లోపలి వేడి 45 డిగ్రీల దాకా వెళ్తుందని కొలిచి చూశారు. అందులో పోగులు తెగితే కాలు వెనక విల్లులా ఉబ్బుతుంది. మానడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మానినా అది పాత పట్టుదారం కాదు, గోనె తాడు. సాగదు. అందుకే మళ్ళీ తెగుతుంది. మూలకణాలని, గుర్రం రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్లని ఎక్కించడం వచ్చింది. కొంత మేలు ఉంది. ఏడాది విశ్రాంతి ఇవ్వడానికి ఓపిక లేనివాళ్ళకి మాత్రం ఏ ఇంజెక్షనూ పని చెయ్యదు.

ఇక అసలు భయంకరమైనవి. ఆ సెసమాయిడ్లు రెండూ ఒకేసారి విరిగాయంటే ఫెట్‌లాక్‌ని ఎత్తి పట్టే ఉయ్యాల తెగినట్టే. కీలు నేలకి అంటుకుంటుంది. పాస్టర్న్ ఎముక ఇరవై ముక్కలైపోవడం. పెద్ద గుర్రానికి భుజం ఎముకో, తొడ ఎముకో పూర్తిగా విరిగిపోవడం. ఇక్కడే ట్రాక్ మీద, జనానికి కనపడకుండా, పచ్చ తెరలు అడ్డం పెడతారు.

మీరు రేసులు చూడకపోయినా బార్బరో పేరు విని ఉండొచ్చు. 2006 మే 6న అమెరికాలో కెంటకీ డెర్బీ గెలిచింది. వెనకున్న గుర్రానికీ దానికీ ఆరున్నర గుర్రాల దూరం. రెండు వారాల తర్వాత, మే 20న, ప్రీక్‌నెస్ రేసులో గేటు తెరుచుకున్న కాసేపటికే కుడి వెనక కాలు విరిగింది. నలి, సెసమాయిడ్, పాస్టర్న్ మూడూ పోయాయి. పాస్టర్న్ ఇరవైకి పైగా ముక్కలు. జాకీ ఎడ్గార్ ప్రాడో దిగి, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన న్యూ బోల్టన్ ఆసుపత్రిలో డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్ మర్నాడు అయిదు గంటలకి పైగా ఆపరేషన్ చేసి, స్టీలు ప్లేటు, ఇరవై ఏడు స్క్రూలు పెట్టారు.

మీరు గమనించాల్సింది తర్వాతి ఘట్టం. గుర్రానికి మత్తు ఇవ్వడం ఒక ఎత్తు, మత్తులోంచి లేపడం ఇంకో ఎత్తు. గుర్రం అడవిలో పులికి భయపడే జంతువు. కళ్ళు తెరవగానే దాని మెదడు చెప్పేది ఒకటే: లే, పరిగెత్తు. కాళ్ళకి ఇంకా స్వాధీనం రాకముందే లేవబోతుంది. 1975లో రఫియన్ అనే ఆడ గుర్రం, అప్పటిదాకా పదికి పది రేసులూ గెలిచింది, న్యూయార్క్ బెల్‌మాంట్ పార్కులో మగ గుర్రంతో పోటీలో కుడి ముందుకాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. మత్తు దిగుతూ ఉండగా అది పడుకునే పరిగెత్తడం మొదలుపెట్టింది. రేసు ఇంకా అయిపోలేదు దానికి. ఆ తన్నులాటలో కట్టు పగిలి, కాలు మళ్ళీ పోయింది. దానికి సూదిమందు ఇవ్వక తప్పలేదు. మనుషులకి మత్తు వల్ల ప్రాణం పోవడం చాలా అరుదు. గుర్రాల్లో నూటికి ఒకటి దాకా పోతుంది, ఎముక ఆపరేషన్లలో ఇంకా ఎక్కువ. న్యూ బోల్టన్‌లో దీనికొక ఉపాయం పట్టారు. మత్తులో ఉన్న గుర్రాన్ని రబ్బరు తెప్పలో పెట్టి క్రేనుతో గోరువెచ్చటి నీళ్ళ కొలనులోకి దించుతారు. నీళ్ళల్లో ఎంత పరిగెత్తినా ఏమీ తగలదు. పూర్తిగా తెలివొచ్చాక ఎత్తి లాయంలో నిలబెడతారు. బార్బరో అలా లేచింది.

లేచింది, తింది, అటూ ఇటూ నడిచింది. దేశమంతా ఆసుపత్రికి పూలు, క్యారెట్లు పంపారు. విరిగిన కుడికాలు అతుక్కుంటోంది. జూలైలో ఎడమ వెనక కాలికి లామినైటిస్ వచ్చింది. ఎడమ కాలికి. దెబ్బ తగలని కాలికి.

ఇది అర్థం కావాలంటే గిట్ట లోపలికి చూడాలి. గుర్రపుడెక్క అంటే మనకి బందరు కాలవలో పేరుకునే ఆ ఊదారంగు పూల కలుపు గుర్తొస్తుంది. ఆకు ఆకారం చూసి ఆ పేరు పెట్టారు మనవాళ్ళు. అసలు డెక్క మాత్రం గట్టి గోరు గిన్నె. దాని లోపల ఎముక అడుగున ఆనుకుని కూర్చోదు, గోడలకి వేలాడుతూ ఉంటుంది. గిట్ట గోడ లోపలి వైపు అయిదొందల యాభై, ఆరొందల పల్చటి మడతలు, ఎముక మీద అన్నే మడతలు. పుస్తకాలు రెండు తెరిచి, పేజీలో పేజీ దూర్చి మూసినట్టు. ఒక్కో మడతకీ మళ్ళీ వందకి పైగా చిన్న మడతలు. గుర్రం మొత్తం బరువు ఈ పేజీల పట్టు మీద ఉంది. ఈ మడతలకి రక్తం అందాలంటే కాలు నేల మీద మోపాలి, ఎత్తాలి, మోపాలి, ఎత్తాలి. అడుగు వేస్తుంటేనే గిట్టలో రక్తం ఆడుతుంది. ఒక కాలు విరిగిన గుర్రం ఎదురు కాలి మీద బరువంతా వేసి రోజుల తరబడి కదలకుండా నిలబడుతుంది. ఆ కాలి మడతలు రక్తం లేక చచ్చిపోతాయి. పేజీలు విడిపోతాయి. ఎముక గిట్టలోంచి జారి, తిరిగి, ఒక్కోసారి అరికాలిని పొడుచుకుని బయటికొస్తుంది. గోరు పచ్చిగా ఊడిపోతున్నప్పుడు దాని మీదే నిలబడాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

మరి పడుకోవచ్చు కదా అంటారు. ఇదిగో, మా ప్రొఫెసరు గారి మాట. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది, కాళ్ళకి తాళం వేసుకునే ఏర్పాటు దానికి పుట్టుకతో ఉంది. గాఢ నిద్రకి రోజూ కాసేపు పడుకుంటుంది, అంతే. ఎక్కువసేపు ఒక పక్కన పడుకుంటే ఆ బరువుకి కింది కండలు నలిగిపోతాయి, ఊపిరితిత్తులు బరువెక్కుతాయి, పేగులు కదలక కడుపునొప్పి వస్తుంది, పుళ్ళు పడతాయి. మనకి జబ్బు చేస్తే మంచం పడతాం. గుర్రానికి మంచం లేదు. ఉయ్యాల కట్టి వేలాడదీయొచ్చుగా అంటే, కొన్ని ఒప్పుకుంటాయి, చాలావి బెదిరిపోయి ఇంకా గాయం చేసుకుంటాయి. ఒప్పుకున్నా పొట్ట కింద పట్టీ మీద నెలలు గడపలేవు. అదే యాభై కిలోల గుర్రప్పిల్లకి ఎముక విరిగితే అతికించడం ఎంతో సులువు. బరువే శత్రువు.

బార్బరో ఎడమ గిట్ట గోడలో 80 శాతం కోసి తీసెయ్యాల్సి వచ్చింది. కొత్త గోరు సరిగ్గా పెరగలేదు. ఎనిమిది నెలలు పోరాడారు, చివరికి ముందుకాళ్ళు రెండిటికీ అదే జబ్బు సోకింది. నిలబడ్డానికి ఒక్క కాలూ మిగల్లేదు. 2007 జనవరి 29న యజమానులు, డాక్టరు కలిసి ఇక చాలన్నారు. డబ్బుకి లోటు లేదు, ప్రపంచంలోకెల్లా మంచి డాక్టర్లు, మంచి ఆసుపత్రి. అయినా పోయింది.

అన్నీ ఇలాగే ముగుస్తాయని చెప్పను. ఇంగ్లండులో 1971 ఎప్సమ్ డెర్బీ గెలిచిన మిల్ రీఫ్ మరుసటేడు ఉదయం పరుగులో ఎడమ ముందుకాలు విరగ్గొట్టుకుంది. ఆరు గంటల ఆపరేషన్. అది నెమ్మదైన మగ గుర్రం, కట్టుతో ఓపిగ్గా నిలబడింది. రేసుకి రాలేదు. సంతానం కోసం ఉంచారు. దాని కొడుకు షర్లీ హైట్స్ 1978లో అదే డెర్బీ గెలిచాడు. గుర్రం స్వభావం ఎంత ముఖ్యమో అక్కడ తెలుస్తుంది. ఎక్స్‌రేలో స్వభావం కనపడదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. ఏ రేసుకోర్సో చెప్పను. నేను అప్పటికి చిన్నవాణ్ణి. రేసుకి ముందు గుర్రాల్ని నడిపించి, పరిగెత్తించి చూసి, సరే అని సంతకం పెట్టే పని నాది. ఒక నాలుగేళ్ళ ఆడ గుర్రం వచ్చింది. దాని సైస్, అంటే దాన్ని చూసుకునే మనిషి, కర్నూలు వైపు ముసలాయన. "అడుగు మారింది సార్, నిన్నటి నుంచి దాని అడుగు దానిది కాదు" అన్నాడు. నేను నడిపించి చూశాను. కుంటు లేదు. ఫెట్‌లాక్ మీద చెయ్యి వేసి చూశాను. కొంచెం వెచ్చగా ఉంది, రెండు కాళ్ళకీ సమానంగా ఉంది. రెండిటికీ సమానంగా ఉంది కాబట్టి ఎండకేమోలే అనుకున్నాను. సంతకం పెట్టాను.

రెండు కాళ్ళూ సమానంగా నొప్పి చేస్తే కుంటు ఎక్కడ కనపడుతుందండీ? ఏ కాలు మీద వాలుతుంది? అది నాకు పుస్తకంలో తెలుసు. ఆ రోజు చేతికి తెలియలేదు. ఆఖరి మలుపులో ఎడమ ముందుకాలు పోయింది, ముక్క పక్కకి జరిగిపోయింది. ఎదురు కాలు ఎక్స్‌రే తర్వాత తీసి చూస్తే, సరిగ్గా అదే చోట సన్నటి బీట. దాన్ని నిలబెట్టడానికి అప్పట్లో అక్కడ మాకు ఉన్న సాధనాలు సరిపోలేదు. సైస్ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ తర్వాత సైస్ అడుగు మారిందంటే నేను సంతకం పెట్టలేదు. ట్రైనర్లతో తగాదాలు పడ్డాను. ఒక యజమాని అయితే నన్ను పై అధికారుల దగ్గరికి లాక్కెళ్ళాడు. అలా ఆపి ఎక్స్‌రే తీయించిన గుర్రాల్లో చాలావాటికి ఏమీ లేదు. ఒకదానికి కాండైల్ బీట దొరికింది. రెండు స్క్రూలు పెట్టించాం. ఎనిమిది నెలలకి రేసులో దిగింది, నాలుగో స్థానం. యజమానికి దిగులు, నాకు పండగ.

ఇప్పుడు చూడ్డానికి చాలా సాధనాలు వచ్చాయి. 2020లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ కప్పులో ఆంథొనీ వాన్ డైక్ అనే ఎప్సమ్ డెర్బీ విజేత ఫెట్‌లాక్ విరిగి చనిపోయింది. మరుసటేడు నుంచి ఆ కప్పులో దిగే గుర్రాలకి ముందే సీటీ స్కాన్ తప్పనిసరి చేశారు. కాలిఫోర్నియాలో శాంటా అనీటా ట్రాక్‌లో 2018 ఆఖర్నుంచి 2019 మార్చి దాకా ఇరవైకి పైగా గుర్రాలు చనిపోయి పెద్ద గొడవైంది. ఆ ఏడాది చివర్లోనే గుర్రాన్ని నిలబెట్టి పెట్ స్కాన్ తీసే యంత్రం అక్కడ పెట్టారు. ఎముక ఎక్కడ తవ్వుకుంటోందో వెలుగులో కనపడుతుంది. అమెరికాలో లెక్క రాయడం మొదలుపెట్టిన 2009లో వెయ్యి పరుగులకి రెండు గుర్రాలు పోయేవి. 2023కి అది 1.32. ట్రాక్ నేల బాగుచెయ్యడం, నొప్పి మందు ఇచ్చి నొప్పి దాచెయ్యడాన్ని కట్టడి చెయ్యడం, ముందే చూడడం, అన్నీ కలిస్తే తగ్గింది. ఈ నొప్పి మందుల గురించి ఒక మాట. నొప్పి గుర్రానికున్న ఒకే ఒక్క ఎక్స్‌రే. దాన్ని ఆపేసి పరిగెత్తించడం హారను తీసేసిన లారీని బెంజి సర్కిల్‌లోకి తోలడమే.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: పుత్తూరు కట్టు కట్టిస్తే గుర్రానికి పని చెయ్యదా అండీ?)

మంచి ప్రశ్న, రాకపోతే నేనే ఎవరిచేతనో అడిగించేవాణ్ణి. పుత్తూరు కట్టు మనుషులకి ఎంత, ఎక్కడ పని చేస్తుందనే తగువు ఇక్కడ పెట్టుకోను, నాకు ఎముకల డాక్టర్లు స్నేహితులున్నారు. (నవ్వులు) ఏ కట్టుకైనా సూత్రం ఒకటే: కదలకుండా ఉంచు, బరువు పడనీకు, మిగతాది శరీరం చూసుకుంటుంది. మీ చెయ్యి విరిగితే మెడకి వేలాడదీస్తారు. కాలు విరిగితే మంచం మీద పడుకుంటారు. గుర్రానికి కదలకుండా ఉంచడం కొంతవరకు చెయ్యగలం, బరువు పడకుండా ఉంచడమే చేతకాదు. పసరుదీ తెల్లసొనదీ తప్పు కాదు. స్టీలు ప్లేటే వంగిపోతుంది.

(ప్రశ్న: ట్రాక్ మీద విరిగిన వెంటనే ఏం చెయ్యాలి?)

మొదట దాన్ని ఆ కాలు మోపనీయకూడదు. పడిన గుర్రం లేచి మూడు కాళ్ళ మీద పరిగెత్తబోతుంది, ఒళ్ళు వేడి మీద నొప్పి తెలియదు. ఒక్కో అడుగుకీ విరిగిన ముక్కలు ఇంకా నుగ్గవుతాయి. తల పట్టుకోవాలి, మత్తివ్వాలి, కాలి ఎముకలన్నీ ఒకే గీతలో నిలిచేలా బద్ద కట్టాలి. వ్యానులో ఎక్కించేటప్పుడు ముందుకాలు విరిగితే తల వ్యాను వెనక వైపుకి ఉండేలా నిలబెట్టాలి. బ్రేకు వేసినప్పుడు బరువు మంచి కాళ్ళ మీదికి పోతుంది. వెనక కాలైతే దానికి తిరగేసి. ఈ చిన్న విషయానికి ప్రాణాలు నిలబడ్డాయి.

(ప్రశ్న: ఖర్చు ఎంత అవుతుంది?)

గుర్రం ఖరీదు కన్నా ఎక్కువే అవుతుంది చాలాసార్లు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అన్నారు, కుంటిదైనా తప్పదు. వంశం ఉన్న ఆడ గుర్రానికి పెడతారు. విత్తు కొట్టిన మగ గుర్రానికి పెట్టేవాళ్ళు తక్కువ. నాకు నచ్చదు, కానీ అబద్ధం చెప్పలేను.

(ప్రశ్న: సార్, నాది రేసు గుర్రం కాదు. పెళ్ళి ఊరేగింపులకి తిప్పుతాను. వారం నుంచి ఎడమ ముందుకాలు ముందుకి చాపి నిలబడుతోంది.)

వెనక కాలు వంచి నిలబడితే ఏమీ లేదు, విశ్రాంతి. ముందుకాలు చాపితే నొప్పే. నడిచేటప్పుడు తల ఊపుతోందా? ఏ కాలు నేలకి ఆనినప్పుడు తల పైకెత్తుతోందో చూశారా, అదే నొప్పున్న కాలు. తారు రోడ్డు మీద తిప్పుతారు కదా, లాడం ఎప్పుడు కొట్టించారు? రెండు నెలలయిందా? అయ్యో. గిట్ట ముట్టుకుంటే వేడిగా ఉందా? తెలియదా. గుర్రం ఎక్కడుంది ఇప్పుడు? బయటే కట్టేశారా! ఇంతసేపూ ఎండలో తారు మీద నిలబెట్టి నా మాటలు విన్నారా మీరు? కార్యదర్శి గారూ, వందన సమర్పణ మీరు కానిచ్చెయ్యండి. ఎవరైనా ఒక బకెట్టు నీళ్ళు తెస్తారా? పదండి, చూద్దాం.